మోడు మీద పాలపిట్ట

మా ఇంజనీరు సారు నోట్లో సాఫ్ అనే మాట రోజుకు ఎన్నిసార్లు వచ్చేదో లెక్క లేదు. కాలువ సాఫ్ చేయించాలి, రోడ్డు సాఫ్‌గా ఉండాలి, నా టేబులు ఎందుకు సాఫ్‌గా లేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక టిఫిను డబ్బాను కూడా రుమాలుతో తుడిచి అందులో మొహం చూసుకునేవారు. అలాంటి మనిషికి ఊళ్ళో పార్కు వేసే పని అప్పజెప్పారు. దాని నక్షా గీసే పని నాకు అప్పజెప్పారు. పార్కుకు ఎంచిన జాగా మా ఇంటి వెనకాలే ఉంది. ఇక గొడవ కాకుండా ఎట్లా ఉంటుంది?

ఊరి పేరు చెప్పను. ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్ళే బస్సు ఆగి, డ్రైవరు దిగి టీ తాగుతుంటే ఎక్కినవాళ్ళు లోపల ఉడికిపోయే ఊళ్ళలో ఒకటి. ఆఫీసు పేరూ చెప్పను. చెప్పినా ఇప్పుడు నా పెన్షను ఆపేవాళ్ళు లేరు గానీ, అందులో ఉన్నవాళ్ళంతా మంచివాళ్ళే. మంచివాళ్ళ పేర్లు చెప్పి మరీ నవ్వడం బాగుండదు. ఎనభైల నడుమ సంగతి ఇది. మా ఊరికి కొత్తగా పట్నం అనిపించుకునే యోగం పట్టింది. ఖమ్మంలో పార్కు ఉంది, మనకెందుకు లేదని చైర్మన్ గారికి పట్టుదల వచ్చింది.

నేను ట్రేసర్‌ని. అంటే సారు పెన్సిలుతో గీసిన నక్షాను పల్చటి కాగితం మీద ఇంకుతో దిద్దే మనిషిని. ఆఫీసులో అందరూ ట్రేసరమ్మ అనేవారు. చాటున నోరు పెద్దదని కూడా అనేవారు. రెండూ నిజమే.

పార్కు రావలసిన ఆ జాగాను ఊళ్ళో బీడు అనేవారు. రేగుకంప, తంగేడు, నాలుగు తుమ్మచెట్లు, ఒక మేడిచెట్టు. ఒక మూల ఎప్పుడో ఇటుకల కోసం మట్టి తవ్విన గుంట, అందులో ఎండలు ముదిరేదాకా నీళ్ళు. సరిగ్గా నడుమ ఒక తాటిమోడు. పిడుగు పడి తల తెగిపోయి, నిలువునా ఎండిపోయి, పైన ఒక తొర్ర పడింది. ఊరివాళ్ళకు అది బీడే గానీ మా అత్తకు మాత్రం కాదు. ఆమె రోజూ పొద్దుగూకే వేళ ఆరేసిన బట్టలు తీసే వంకతో డాబా ఎక్కి, ఆ మోడు వైపు చూస్తూ నిలబడేది. బట్టలు తీయడానికి అంతసేపు పట్టదని మాకందరికీ తెలుసు. ఎవరూ అడిగేవాళ్ళం కాదు.

అత్త అంటే మా నాన్న అక్క. ఎర్రుపాలెం పక్క ఒక పల్లెలో ఆమెకు పెళ్ళయింది. కాపురం కుదురుకోకముందే మామ జ్వరం వచ్చి పోయాడు. ఒక రేకు పెట్టెతో తమ్ముడి ఇంటికి వచ్చింది. నాన్న అప్పుడు భద్రాచలం అడవి అంచున ఫారెస్టు ఆఫీసులో గుమాస్తా. నేను ఆమె వచ్చాక పుట్టాను. నడక నేర్చుకున్నది ఆమె చీర కుచ్చెళ్ళు పట్టుకొని. మాటలు నేర్చుకున్నదీ ఆమె దగ్గరే. నా నోటికి మూలం ఎక్కడుందో అక్కడ చూసుకోవచ్చు.

ఆ అడవి క్వార్టరు వెనక ఒక ఎండిన మద్దిచెట్టు ఉండేది. దాని తొర్రలో పాలపిట్టలు గూడు పెట్టేవి. దసరా పూట జమ్మి కొట్టుకొని పాలపిట్టను చూసి ఇంటికి రావడం మా వైపు ఆనవాయితీ. చూసినవాడికి ఆ ఏడాదంతా జయమే. అమ్మా నాన్నా నేనూ, ఆఫీసులోని మిగతా కుటుంబాలూ కలిసి గట్లమ్మట, చేలమ్మట మెడలు నొప్పి పెట్టేదాకా తిరిగేవాళ్ళం. కొన్ని ఏళ్ళు కనిపించేది, కొన్ని ఏళ్ళు కనిపించేది కాదు. కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొస్తే అత్త వెనక వాకిట్లో గిన్నెలు తోముతుండేది.

"కనపడ్డదా?" అనేది.

"లే."

"నాకు పొద్దటిసంది కనపడుతనే ఉన్నది," అని నవ్వేది.

అత్త మాతో ఎప్పుడూ వచ్చేది కాదు. ఆమెను ఇంట్లో ఉండమని ఎవరూ చెప్పలేదు. రమ్మని కూడా ఎవరూ చెప్పలేదు. మా వైపు మొగుడు పోయిన ఆడదాన్ని కూడా మోడు అనే అంటారు. మొహం మీద అనరు, కొంచెం పక్కకు తిరిగి అంటారు. పండుగనాడు నలుగురూ మంచి శకునం కోసం బయల్దేరే వేళ తను ఎదురు రాకూడదని అత్త తనకు తానే అనుకుంది. దేవుడు ఆమె మీద దయతలచి ఆ పిట్టను పెరట్లోకే పంపాడని నేను చిన్నప్పుడు నమ్మాను. ఇప్పటికీ కొంచెం నమ్ముతాను.

డెబ్బైల చివర నాన్నకు బదిలీ అయ్యి ఈ ఊరొచ్చాం. మొదట దొరికిన కిరాయి ఇంటి నాలుగువైపులా గోడలే. పాలపిట్ట మాట దేవుడెరుగు, పిచ్చుక కూడా లోపలికి రావడానికి ఆలోచించేది. మూడు నాలుగు దసరాలు అత్త తలుపేసుకొని ఇంట్లోనే గడిపింది. మేం తిరిగొచ్చాక "కనపడ్డదా?" అని అడిగేది, కానీ వెనకాల నవ్వు వచ్చేది కాదు. తరువాత డాబా ఉన్న ఇల్లు చూసుకున్నాం. మొదటి సాయంత్రమే బట్టలు ఆరేయడానికి పైకెక్కిన అత్త గబగబా దిగొచ్చి, పిండి కలుపుతున్న నన్ను చేయి పట్టుకొని లాక్కెళ్ళింది. మోడు చివర పాలపిట్ట కూర్చొని ఉంది. మేం చూస్తుండగానే రెక్కలు విప్పి కిందికి దూకింది. కూర్చున్నప్పుడు మట్టిరంగులో ఏ ప్రత్యేకతా లేని పిట్ట, రెక్క విప్పేసరికి ఒళ్ళంతా నీలం. అత్త నా చేయి వదలలేదు. చేతికి అంటిన పిండి ఆమె చీరకు కూడా అంటింది.

ఆ బీడులోనే పార్కు. సారు గీసిన నక్షా నా ముందుకొచ్చింది. నడుమ ఫౌంటెను. చుట్టూ పచ్చగడ్డి లాను. గోడ పొంటి వరసగా సన్నగా ఎత్తుగా పెరిగే అశోక చెట్లు. గేటు దగ్గర సిమెంటు జింకలు రెండు. బస్సెక్కి కాసేపు కూర్చుంటే నిజమైన జింకలు రోడ్డు దాటే ఊరు మాది, మాకు సిమెంటు జింకలట. ఫౌంటెను సరిగ్గా మోడు ఉన్నచోట వచ్చింది.

"సార్, ఈ మోడు ఏమైతది?" అన్నాను.

"ఏమైతది? కొట్టేస్తరు. అంతా సాఫ్ చేసి చదును చేస్తరు."

"అది పాలపిట్ట ఇల్లు సార్."

"పిట్టలకు ఇండ్లు కట్టిచ్చే ఆఫీసా అమ్మా మనది?"

"కట్టక్కర్లే సార్. కట్టింది కూలగొట్టకుంటే చాలు."

సారు చేతిలో పెన్సిలు కింద పెట్టారు. నా నోటి సంగతి తెలుసు కాబట్టి కుర్చీలో సర్దుకొని కూర్చున్నారు. నేను ఇంట్లో డాబా మీదినుంచి చూసినదంతా చెప్పాను. అశోక చెట్టుకు నిలువు తప్ప అడ్డం లేదు, దాని మీద పిట్ట కాలు మోపేదెక్కడ? పికిలిపిట్టలకు రేగుకంప కావాలి, పిల్లిని తప్పించుకోవాలంటే ముళ్ళు ఉండాలి. జెముడుకాకికి పొద దొరకకపోతే అది ఊరే వదిలిపోతుంది. మీ లాన్లో రాలిన ఆకు రాలినట్టే ఊడ్చేస్తే కింద పురుగు బతకదు, పురుగు లేనిచోట గోరింకకు ఏం పని? ఫౌంటెను నీళ్ళు ఆకాశానికి ఎగురుతాయి, పిచ్చుక వంగి తాగడానికి అంచుండదు. ఆ మట్టిగుంటను అట్లాగే వదిలేసి ఒక వైపు వాలుగా చేస్తే లకుముకిపిట్ట కూడా వస్తుంది. ఇక పాలపిట్ట తన ముక్కుతో తొర్ర తొలుచుకోలేదు. ఎండిపోయిన మానులో ఉన్న తొర్రనే వెతుక్కుంటుంది. పచ్చటి చెట్లు పార్కు నిండా నాటండి, దానికి మోడే కావాలి.

సారు అంతా విని, "పిట్టలు అడవిల ఉంటయి. పార్కుల మనుషులు ఉంటరు," అన్నారు.

"మరి మనుషులు దసరానాడు పిట్ట కోసం ఎందుకు తిరుగుతరు సార్?"

సారు టీ తెమ్మని కేకేశారు. టీ వచ్చాక కొంచెం మెత్తబడ్డారు. ఆయన చెడ్డవారు కాదు, ఒట్టి శుభ్రం మనిషి. రేగుకంప, మేడిచెట్టు, గుంట ఉన్న మూలనంతా నక్షాలో "రెండవ దశ" అని రాసుకోమన్నారు. సర్కారు పనుల్లో రెండవ దశ అంటే ఏమిటో తెలిసినవాళ్ళకు తెలుసు. తొంభైల చివర నేను ఆ ఊరు వదిలి వచ్చేనాటికి కూడా ఆ దశ రాలేదు. పికిలిపిట్టలు, జెముడుకాకులు ఆ మూలలో మూడు తరాలుగా కాపురం చేస్తూనే ఉన్నాయి. పిట్టలను కాపాడాలంటే నాకు తెలిసినంతలో అంతకు మించిన పద్ధతి లేదు.

మోడు దగ్గర మాత్రం సారు కదలలేదు. నేలలోని మోడు వేళ్ళు తవ్వడం కష్టమని ఫౌంటెనును కొంచెం పక్కకు జరుపుతానన్నారు, అంతే.

"ఓపెనింగుకు పెద్దోళ్ళొస్తరు. గేట్ల అడుగు పెట్టంగనే ఎదురుంగ మోడు. మంచిగుంటదా? అపశకునం. చైర్మన్ సారు చూడకముందే కొట్టిపిస్త."

ఆ సాయంత్రం డాబా మీద అత్తకు సంగతి చెప్పాను. సారును నాలుగు తిట్లు తిట్టాను కూడా. ఆమె నాతో పాటు తిడుతుందనుకున్నాను. ఆమె ఆరిన చీరను మడతపెడుతూ, "కొట్టేస్తే కొట్టేయనీ బిడ్డా," అంది. "మోడుకెవలు అడ్డం పడ్తరు?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మీద కాదు. ఆమె చేత ఆ మాటను అంత తేలిగ్గా అనిపించిన లోకం మీద. "నేను పడ్త," అన్నాను.

"పడు పడు. నీ నోరు చూసి నీకు సంబంధాలు వస్తలేవు. ఇగ మోడుకు అడ్డం పడ్డదంటే అసలే రావు," అని నవ్వింది. నవ్వింది గానీ చీరను విప్పి మళ్ళీ మొదటి నుంచి మడత పెట్టింది.

మర్నాడు ఇంకు పెన్నుతో నక్షా దిద్దుతూ మోడు ఉన్నచోట చుట్టూ ఒక గుండ్రటి గీత గీశాను. ఈ గీత లోపలికి ఎవరూ రావద్దని నా ఉద్దేశం. పక్కన "పాలపిట్ట మోడు, కొట్టరాదు" అని రాయాలని ఉంది గానీ ఫౌంటెను కొలతల మధ్య చోటు లేదు. చిన్నక్షరాలతో "పిట్ట - ఉంచాలి" అని మాత్రం రాయగలిగాను. సారు సంతకం పెట్టేటప్పుడు నక్షాను కాదు, తన సంతకం ఎంత అందంగా వచ్చిందో చూసుకుంటారు. పెట్టేశారు. అమ్మోనియా వాసన కొట్టే నీలం కాపీలు తీసి ఒకటి పని చేయించే మేస్త్రికి పంపాం.

కాగితం మీద రాసినంత మాత్రాన కొట్టేవాడి గొడ్డలి ఆగుతుందని నాకు ఆశ లేదు. పైగా అప్పుడే పెనుబల్లిలో పిన్ని కూతురి పెళ్ళి వచ్చి పడింది. వెళ్ళక తప్పలేదు. అత్త పెళ్ళిళ్ళకు రాదు కాబట్టి ఇంట్లోనే ఉంది. పెళ్ళి భోజనాల్లో కూడా నాకు గొడ్డలి చప్పుడే వినిపించింది. తిరిగొచ్చేటప్పుడు బస్సు మా వీధి మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి చూడాలా వద్దా అని కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి మోడు కనిపించింది. సంచీ అమ్మ ఒళ్ళో పడేసి దిగి, తిన్నగా బీడులోకి పరుగెత్తాను.

మోడు ఉంది. మోడు చుట్టూ గుండ్రంగా, మోకాలెత్తున, చక్కగా సిమెంటు గిలాబు చేసి నున్నగా రుద్దిన ఒక గోడ కూడా ఉంది.

మేస్త్రి తాపీ కడుక్కుంటూ నన్ను చూసి మెచ్చుకోలు కోసం నవ్వాడు.

"ఇదేంది మేస్త్రీ?" అన్నాను.

"పిట్టగోడ అమ్మా."

"పిట్టగోడా?"

"మీరే రాసిండ్రు గదా, గుండ్రం గీసి పిట్ట అని. గోడ అని రాసుడు మర్చిపోయిండ్రని నేనే సమజ్ చేసుకున్న. ఉంచాలి అని గూడ రాసిండ్రు. గట్టిగనే ఉంచిన. పదేండ్లయినా పలగదు."

డాబాల అంచున మనుషులు పడిపోకుండా కట్టే గోడను పిట్టగోడ అంటాం. దాని మీద పిట్టలు వాలతాయని ఆ పేరు వచ్చిందో ఏమో. నేల మీద, ఎండిన తాటిమోడు చుట్టూ పిట్టగోడ కట్టిన ఊరు మాత్రం లోకంలో మాదొక్కటే అయ్యుంటుంది. ఒకందుకు పోస్తే ఒకందుకు తాగినట్టయింది. నేను ఆ గోడ పట్టుకొని కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాను.

"మోడు కొట్టెటోడు రాలేదా?" అన్నాను చివరికి.

"వచ్చిండు. గోడ పచ్చిగున్నది, మోడు మీద పడితే నా పనంత ఖరాబైతదని ఎల్లగొట్టిన."

మా సారు వచ్చి చూసి ఆ గోడ మీదే కూలబడ్డారు. ముందు నన్ను తిట్టారు, తరువాత మేస్త్రిని తిట్టారు, ఆ తరువాత తన సంతకం ఉన్న నక్షా చూసుకొని ఆపేశారు. మోడు కొట్టేద్దామంటే లోపల ఏమీ లేని గోడ ఎందుకు కట్టారని ఆడిట్ వాళ్ళు అడుగుతారు. గోడ కూల్చేద్దామంటే కట్టిన గోడ ఎందుకు కూల్చారని అడుగుతారు. రెండూ ఉంచితే ఎవరూ ఏమీ అడగరు. సారు చాలాసేపు ఆలోచించి రుమాలు తీసి గోడ మీద దుమ్ము తుడిచారు. అప్పుడు నాకు అర్థమైంది, మోడు బతికిందని.

కానీ చైర్మన్ గారు చూడటం మిగిలింది. ఆయన ఒకరోజు వచ్చి, జింకలను చూసి సంతోషించి, ఫౌంటెను చూసి తల ఊపి, గోడ దగ్గర ఆగారు.

"ఇదేంది? మోడుకు గద్దె కట్టిండ్రు?"

నేను నోరు తెరవబోయాను. సారు నాకంటే ముందు తెరిచారు.

"దసరాకు జనం పాలపిట్టను చూసెతందుకు ప్లాను చేసినం సార్. పచ్చటి చెట్ల మీద అది గూడు పెట్టదు. దానికి మోడే కావాలె. మేం మస్తు ఆలోచన చేసే ఉంచినం."

నా మాటలన్నీ ఒక్కటీ పొల్లుపోకుండా సారు నోట్లోంచి వస్తుంటే అంత ఆనందం నాకు జీవితంలో మళ్ళీ కలగలేదు.

"పిట్ట వస్తదా మరి?" అన్నారు చైర్మన్ గారు.

"రోజూ వస్తది సార్."

"అయితే దసరానాడే ఓపెనింగు పెడదాం. ఊరంత పిలుద్దాం."

ఇక సారు పరిస్థితి చూడాలి. పిట్ట పూచీ నెత్తిన పడింది. రోజూ సాయంత్రం సైకిలు మీద మా సందులోకి వచ్చి, డాబా మీద ఉన్న అత్తను చూసి, "అమ్మా, ఇయ్యాల వచ్చిందా?" అని కేకేసేవారు. "వచ్చింది సారూ, మిడత తిన్నది," అని అత్త పైనుంచి చెప్పేది. సారు సాఫ్‌గా నిద్రపోవడానికి ఇంటికి వెళ్ళేవారు. ఒక పరాయి మనిషి రోజూ తన కోసం ఇంటి ముందు ఆగి మాట్లాడటం అత్తకు ఎన్ని ఏళ్ళ తరువాతో నాకు తెలియదు. సైకిలు బెల్లు వినిపిస్తే తల దువ్వుకునేది.

దసరా వచ్చింది. "అత్తా, మన ఇంటెనక పార్కే గదా, రా," అన్నాను. మొదటిసారి అడిగాను. ఇన్నేళ్ళు ఎందుకు అడగలేదో కూడా నాకు తెలియదు.

"వద్దు బిడ్డా. కొత్తగ తెరిచేకాడ నేను ఎదురైతే ఏం మంచిగుంటది? డాబా మీదికెళ్ళి చూస్త. నాకు ఆడినుంచే బాగ కనపడ్తది."

మేం వెళ్ళేసరికి పార్కులో ఇసుక వేస్తే రాలదు. రిబ్బను కత్తిరించారు, ఫౌంటెను ఎగిరింది, పిల్లలు జింకల మీద ఎక్కారు. అందరూ గుండ్రగోడ చుట్టూ మూగి మోడు వైపు తలలెత్తారు. మోడు మీద పిట్ట లేదు. పిట్ట ఉండాల్సిన చోట ఒక పెద్ద లౌడ్‌స్పీకరు ఉంది. ఊళ్ళో అన్నింటికంటే ఎత్తుగా ఉన్నది అదే కదా అని మైకు సెట్టు అతను దానికే కట్టాడు. అది పొద్దటి నుంచి పాటలు వాయిస్తూనే ఉంది.

సారు పరుగెత్తారు. మైకు ఆపించారు. అయినా పిట్ట రాలేదు. జనం కాసేపు ఓపిక పట్టారు. తరువాత ఎవరో, "పిట్ట లేదు గిట్ట లేదు, పా, చేలల్లకు పోయి చూద్దాం," అన్నారు. చైర్మన్ గారు సారు వైపు చూశారు. సారు నా వైపు చూశారు. నేను చూడటానికి ఎవరూ మిగలక మా డాబా వైపు చూశాను.

మా డాబా మీద టీవీ యాంటెన్నా ఉంది. యాంటెన్నా మీద పాలపిట్ట ఉంది. దాని కిందనే, పిట్టగోడ మీద చేతులు పెట్టుకొని, మాసిన రంగు చీరలో మా అత్త నిలబడి ఉంది.

"ఆడుంది!" అని నేను అరిచాను. ఊరంతా ఒక్కసారి అటు తిరిగింది.

అంతమంది తన వైపే చూడటం గమనించిన అత్త బెదిరిపోయింది. పండుగ పూట ఊరందరి కళ్ళలో పడ్డానని కొంగు నెత్తిమీదికి లాక్కొని, గోడ చాటుకు వంగబోయింది. వంగితే పిట్ట ఎగిరిపోతుంది. అది ముందుగా తట్టింది సారుకే. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకొని, "అమ్మా! కదలకుండ్రి! ఆడనే నిలవడుండ్రి!" అని కేకేశారు.

ఇంకొందరు అందుకున్నారు. "అమ్మా, కదలకమ్మా! గట్లనే ఉండమ్మా!"

అత్త కదలలేదు. ఊరు ఊరంతా చేతులెత్తి అటు దండం పెట్టింది. చైర్మన్ గారు పెట్టారు, మేస్త్రి పెట్టాడు, నెత్తిన కొత్త తువాలు చుట్టుకున్న పెద్దమనుషులు పెట్టారు. దారిలో ఆమె ఎదురైతే కాసేపు ఆగి బయల్దేరే ఆడవాళ్ళు కూడా కళ్ళు మూసుకొని పెట్టారు. వాళ్ళు పెట్టింది పిట్టకే. కానీ పిట్టా ఆమే ఒక్కచోటే ఉన్నారు, విడదీసి పెట్టడానికి ఎవరికీ వీల్లేదు. నేను దండం పెట్టడం మర్చిపోయాను. ఏడుస్తున్నానని అమ్మ మోచేత్తో పొడిస్తే గానీ నాకు తెలియలేదు.

పిట్ట రెక్కలు విప్పి ఎగిరాక జనం కేకలు పెట్టి, జమ్మి ఆకు పంచుకుంటూ ఒకరినొకరు కావలించుకున్నారు. నేను ఇంటికి పరుగెత్తాను. అత్త మెట్లు దిగి వస్తోంది. మొహం ఎర్రగా ఉంది.

"పండుగ పూట నన్ను ఊరి ముందట బొమ్మలెక్క నిలవెడ్తరా?" అంది.

"నేను కాదత్తా, పిట్ట నిలవెట్టింది."

నెత్తిమీది కొంగు దించుకుంది. తరువాత, "మీ అందరికీ కనపడ్డదా?" అంది.

"కనపడ్డది. రెక్కలు గూడ విప్పింది."

"నాకు కనపడలే."

"అదేంది?" అన్నాను.

"నా నెత్తిమీద కూసుంటే నాకెట్ల కనపడ్తదే? తలెత్తి చూద్దామంటే కదలకు కదలకు అని ఊరంత ఒర్రబడ్తిరి. దసరా పూట అందరికీ కనపడ్డది, నాకొక్కదానికే కనపడలే!"

ఇంతకాలం తను ఎదురు రాకూడదని లోపల కూర్చున్న మనిషి, తన వంతు పిట్ట తనకు దక్కలేదని కోపంగా ఉంది. ఆ కోపంలో మిగతాదంతా మర్చిపోయింది. చెప్పులు వేసుకుంది.

"పా, మోడుకాడికి పోదాం. ఇంక పొద్దుంది," అంది.

సందు నిండా మనుషులే. కొందరు ఆమెను చూసి గుర్తుపట్టి దారిచ్చారు. పార్కు గేటు దగ్గర సారు, మోడు మీంచి విప్పించిన లౌడ్‌స్పీకరును బండికెత్తిస్తూ మైకు సెట్టు అతన్ని తిడుతున్నారు. అత్తను చూడగానే ఆపి, జేబులోంచి జమ్మి ఆకు తీసి ఆమె చేతిలో పెట్టి, వంగి కాళ్ళకు దండం పెట్టారు. ఎప్పుడూ మడత నలగని ఆయన ప్యాంటు మోకాళ్ళకు మట్టి అంటింది. దులుపుకోలేదు. అత్త చేతిలో ఆకును, ఆయన తలను మార్చి మార్చి చూసింది. పండుగనాడు ఆమె చేతిలో జమ్మి పెట్టినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. మేమూ పెట్టలేదు.

"సల్లగుండు బిడ్డా," అంది.

తరువాత గుండ్రటి పిట్టగోడ దగ్గరికి నడిచి, దాని మీద కూర్చొని, చేతిలో ఆకు పట్టుకొని తలెత్తింది. జనం పలచబడ్డారు. ఎండ మోడు చివరికి ఎక్కింది. నేనూ ఆమె పక్కన కూర్చున్నాను. కాసేపటికి పాలపిట్ట వచ్చి తన చోట తను వాలింది.

"కనపడ్డదా అత్తా?" అన్నాను.

"కదలకు," అంది.